ఆకసపు చెఱువు

లోకమున పంచుకొన్న కొలది తఱుగని వస్తువులు కొన్నియు, తఱుగునవి కొన్నియు గలవు. ఒక దీపమునుండి వేఱొక దీపమును వెలిగించినచో మొదటిదాని వెలుగు తగ్గదు. చెఱువునీ రట్టిది కాదు. ఎగువ మడివాడు అధికముగా పాఱించుకొన్నచో దిగువ మడి యెండును. ఈ భేదము పసిపిల్లలును ఎఱిగినదే. అయినను నేడు ఉపగ్రహముల మూలమున పల్లెలకు వచ్చుచున్న ఇంటర్నెట్టు విషయమున విజ్ఞులు సైతము దీనిని మఱచుచున్నారు. ఆకసమునుండి దిగుచున్నది వాన వంటిదా, చెఱువునీటి వంటిదా? దీనికి మన మిచ్చు ప్రత్యుత్తరమును బట్టియే అందు మన ధర్మ మేదియో తేలును.

మన పల్లెలకు మొదట వచ్చినది వానయే. 1975వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీ మొదలుకొని 1976 జూలై 31వ తేదీవఱకు ఇస్రో సంస్థవారు అమెరికా దేశపు ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహమును ఎరవు గొని, ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములను పంపిరి. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును చేరియుండెను. వారికి తెలుగుననే కార్యక్రమములు వచ్చెను. పది అడుగుల వెడల్పుగల తీగవల గొడుగొకటి, పెట్టెయొకటి, దాని ముందు ఊరివారు. ఉదయము బడిపిల్లలకు పాఠములు. సాయంకాలము పెద్దలకు సేద్యమును, ఆరోగ్యమును గూర్చిన విషయములు. ఒక యూరివారు చూచినందున మఱియొక యూరివారికి లోటు కలుగలేదు. ఏడాది ముగియగనే ఆ ఉపగ్రహము మరలిపోయెను. 1983లో ఇన్సాట్-1బి పనిలోనికి వచ్చిన పిమ్మట గాని మనకు స్వంత మేఘ మమరలేదు. అంటువ్యాధిచే బడులు మూతపడియున్న 2020వ సంవత్సరమున సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వమువారు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్ల ద్వారా పాఠములు చెప్పించినదియు ఈ వాన పద్ధతియే.

ఈ పద్ధతిలో నొక కొఱత గలదు. వినువాడు మాఱు పలుకలేడు. తెఱమీది ఉపాధ్యాయుడు లెక్కలో నొక మెట్టు దాటిపోయినచో, పల్లెలోని బాలిక 'అయ్యవారూ, అది యెట్లు వచ్చినది?' అని యడుగుటకు వీలులేదు. ఇంటర్నెట్టు ఆ మాఱుపలుకునకు దారి చూపినది. నేడు విద్యార్థివేతనమునకు దరఖాస్తు పెట్టవలెనన్నను, పరీక్షల హాల్‌టికెట్టు పొందవలెనన్నను, ఇ-సంజీవని మూలమున దూరమందున్న వైద్యునికి రోగము చెప్పుకొనవలెనన్నను ఆ దారినే పోవలసియున్నది. ఫోను పలుకుటకై గుట్టలెక్కవలసిన గూడెములు మన కొండసీమలలో లేకపోలేదు. అట్టివారికి ఉపగ్రహసౌకర్యము గొప్ప వరమే. దానిని తక్కువచేయుట మా యుద్దేశము కాదు.

కాని మాఱుపలుకు కలిగినంతనే వాన చెఱువుగా మాఱినది. ప్రసారమున నొక్క పాఠమే అందఱికిని చాలును. ఇంటర్నెట్టున ఎవరి ప్రశ్న వారిది, ఎవరి ప్రత్యుత్తరము వారిది. కావున ఎవరికి వారికి వేఱువేఱుగా పాలు పెట్టవలెను. ఉపగ్రహము భూమిపై కొంత మేర ఆవరించునట్లు కిరణపుంజమును ప్రసరింపజేయును. ఆ పుంజము మోయగల బరువునకు మితి గలదు. ఆ మేరలోని గొడుగులన్నియు దానినే పంచుకొనవలెను. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచియున్న ఉపగ్రహమునకు ప్రశ్న పోయి ప్రత్యుత్తరము తిరిగి వచ్చుటకు అర సెకను పట్టును. 2025 జూన్ నెలలో భారత ప్రభుత్వమువారి అనుమతి పొందిన స్టార్‌లింకు వంటి సంస్థల ఉపగ్రహములు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తుననే తిరుగును గనుక ఆ జాగు మిక్కిలి తగ్గును. జాగు తగ్గినను పంపకపు నియమము తప్పదు.

ఊరి చెఱువు క్రింద ఎగువవాడు దిగువవాని మొగమును ఎఱుగును. మడి యెండినచో ఎండినవాడు వచ్చి గట్టుపై నిలుచును. అందఱికిని వంతు తప్పకుండ నీరు వదలుటకు తెలంగాణ గ్రామములలో నీరటికాడను వాడుండెడివాడు. పంట నూర్చినప్పుడు రైతులు వానికి గింజలు కొలిచి యిచ్చెడివారు. ఆకసపు చెఱువు క్రింద ఇట్టి యెఱుక యేదియు లేదు. రాత్రి తొమ్మిది గంటలకు ఒక యింట సినిమా నడచుచుండగా, ఇరువది కోసుల దూరమున వైద్యునితో మాటాడుచున్న తల్లి యెదుట తెఱపై బొమ్మ నిలిచిపోవచ్చును. ఆమె యెవరిని తప్పుపట్టును? సినిమా చూచువానికి తా నొకరికి కీడు చేసితినన్న తలపైనను రాదు. చేసినవానికి తెలియని కీడునకు బాధ్యత గలదా యనునదియే ఇచ్చటి ధర్మసందేహము.

కొందఱు 'మేము రొక్కము చెల్లించితిమి, మా యిష్టము' అందురు. నీటితీరువ చెల్లించిన రైతునకు వంతు నీటిపై హక్కు కలిగినదే గాని చెఱువుపై కలుగలేదు. మఱికొందఱు 'మఱిన్ని ఉపగ్రహములు వచ్చును, కొఱత తీరును' అందురు. తీరవచ్చును. అయితే నీరు పెరిగినపుడు మొదట తడియునది ఎగువ పొలమే. గొడుగు కొనజాలని యిల్లు అప్పటికిని ఆయకట్టు వెలుపలనే యుండును. కాబట్టి, మన పాలు వేఱొకరి పాలితో ముడిపడియున్నదని తెలిసినంతనే మనకు బాధ్యత పుట్టినదని మా యభిప్రాయము. ఆ రెండవవాని పే రెఱుగకపోవుట దానిని తొలగింపజాలదు.

ఇందు చేయదగిన పనులు మూడు గలవు. ఊరికి ఉపగ్రహసౌకర్యము వచ్చినచో మొదటి తడి బడికిని, ఆరోగ్యకేంద్రమునకును, గ్రంథాలయమునకును చేరునట్లు పంచాయతీవారు నిర్ణయింపవలెను. ఇదియే నేటి నీరటితనము. గొడుగు గొన్న సంపన్నగృహస్థులు తమ యవసరము తీరినదని ఊరి కందఱికిని రావలసిన తీగమార్గమును అడుగుట మానరాదు. గ్రామపంచాయతీలన్నిటిని తీగలతో కలుపుటకై 2011లో సంకల్పింపబడి పిదప భారత్‌నెట్ అని పిలువబడిన పథకము, ఆ కలిగినవారు నోరు మెదపకున్నచో, లేనివారి మాటకై వేగిరపడదు.

మూడవది పట్టణములందున్న మనది. సైదాబాదులో స్తంభమునుండి స్తంభమునకు వ్రేలాడుచున్న తీగల క్రింద నివసించు మనము పల్లెకు పంపు ప్రతి వస్తువునకును బరువు గలదని తలచుట లేదు. గంటసేపటి బొమ్మల పాఠము, అదే సంగతిని తెలుపు నాలుగు పుటల వ్రాతకంటె వేలకొలది రెట్లు బరువు. సెలవులకు పల్లెకు పోయిన విద్యార్థికి ఉపాధ్యాయుడు ఆ నాలుగు పుటలే పంపినచో ఆ పాఠము వానకాలపు రాత్రియు చేరును. అనుదినము బంధువులకు పంపుచుండు శుభోదయపు బొమ్మలను గూర్చియు గృహిణులును గృహస్థులును ఒక్కమా రాలోచింతురు గాక.

మన తాతలు చెఱువులను త్రవ్వించుటతో తృప్తి పడలేదు. వంతులను కూడ ఏర్పఱచిరి. కాకతీయులనాటి పాకాల, రామప్ప చెఱువులు ఏడు వందల యేండ్లకు పైగా నిలిచియున్నవన్నచో, అందు కట్టల బలముతోపాటు కట్టుబాట్ల బలమును గలదు. ఆకసమున చెఱువు నిర్మించుట శాస్త్రజ్ఞుల పని. వారు తమ పని నెరవేర్చుచున్నారు. వంతు లేర్పఱచుకొనుట మన పని. అది యింకను మొదలు కావలసియున్నది.