ఒక కారు, పన్నెండు చెట్లు

మా కారుకు 2025లో పదిహేనేళ్లు నిండాయి. 2010లో, నేనింకా బడిలో పాఠాలు చెబుతున్న రోజుల్లో, బ్యాంకులో అప్పు చేసి కొన్న చిన్న పెట్రోలు కారు. ఆ అప్పు ముగిసింది, నా ఉద్యోగమూ ముగిసింది, కారు మాత్రం ముగియలేదు. బర్గూరు బట్టల అంగళ్లకీ, కృష్ణగిరి ఆస్పత్రికీ, కుప్పం వైపు చుట్టాల ఇళ్లకీ ఇంకా తిరుగుతూనే ఉంది.

పదిహేనేళ్లు నిండిన కారుకు ప్రభుత్వం మళ్లీ పరీక్ష పెడుతుంది. బండి బాగుందని చూపించి రిజిస్ట్రేషన్‌ను ఇంకో అయిదేళ్లు పొడిగించుకోవాలి. ఆరు వందలుండిన ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలైంది. పాత బండిని వదిలించుకో అని ప్రభుత్వం మర్యాదగా చెప్పే పద్ధతి అది.

ఆ కాగితాలు సర్దుకుంటూ ఉండగా బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి వచ్చాడు.

"నాయినా, దీనికి ఇంక దుడ్డు పెట్టొద్దు. హైబ్రిడ్ తీసుకుందాం. పెట్రోలు సగం, పొగ సగం. నువ్వే కదా బడిలో పిలకాయలకు పర్యావరణం పాఠం చెప్పింది" అన్నాడు.

"దుడ్డు యాడుంది రా?" అన్నాను.

"తోపులో తూర్పు పక్క ముప్పై సెంట్లు అడుగుతా ఉండారు కదా" అన్నాడు.

ఆ ముప్పై సెంట్లలో పన్నెండు మామిడి చెట్లున్నాయి. అన్నీ తోతాపురి. మా నాయన నాటినవి. ఏటా ఆ కాయ కృష్ణగిరి వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. అడిగేవాళ్లు చెట్ల కోసం అడగడం లేదు, ఇళ్ల ప్లాట్లు వేయడానికి అడుగుతున్నారు. అంటే భూమికి మేలు చేసే కారు కొనడానికి ముందు పన్నెండు చెట్లు కొట్టేయాలి.

ఇక్కడే ఆగి, చూశారా వీడి తెలివి అని నవ్వుకుంటే వ్యాసం అయిపోతుంది. కానీ మావాడు తెలివితక్కువవాడు కాడు. వాడి మాటలో న్యాయముంది. ఆ న్యాయం ఎంతవరకో తేల్చుకోకుండా చెట్ల మీది మమకారంతో కాదనడం నాకు ఇష్టం లేకపోయింది. మమకారం కూడా ఒక్కోసారి ధర్మం వేషం వేసుకుని వస్తుంది.

హైబ్రిడ్ అంటే ఏమిటో ముందు చూద్దాం. అందులో పెట్రోలు ఇంజనుతో పాటు ఒక కరెంటు మోటారు, ఒక చిన్న బ్యాటరీ ఉంటాయి. మామూలు కారులో బ్రేకు వేస్తే పరుగులో ఉన్న శక్తి అంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో ఆ శక్తిలో కొంత భాగాన్ని మోటారే కరెంటుగా మార్చి బ్యాటరీలో దాస్తుంది. తిరిగి కదిలేటప్పుడు దాన్నే వాడుకుంటుంది. జపానులో టయోటా వాళ్లు 1997లో ప్రియస్ పేరుతో ఇలాంటి కారును పెద్ద ఎత్తున అమ్మడం మొదలుపెట్టారు. ఇప్పుడు మనకు ఎంతో దూరం లేని బిడదిలోనే హైబ్రిడ్లు తయారవుతున్నాయి. వాటిలో కొన్ని పరీక్షలో లీటరుకు 28 కిలోమీటర్ల దాకా ఇస్తాయని లెక్క.

ఇంతకీ ఆదా అయ్యేది బ్రేకు దగ్గర. బ్రేకు ఎక్కువ పడే చోట ఆదా ఎక్కువ, పడని చోట తక్కువ. అత్తిబెలె దాటి సిల్క్‌బోర్డు దాకా అడుగడుగునా ఆగే బెంగుళూరు రోడ్డులో హైబ్రిడ్ తన విద్య అంతా చూపిస్తుంది. బర్గూరు నుంచి కృష్ణగిరికి జాతీయ రహదారి మీద ఒకే వేగంతో పోయే నాలాంటివాడి చేతిలో ఆ విద్య సగం పడుకునే ఉంటుంది.

పాత అలవాటు కొద్దీ కాగితం, పెన్సిలు తీసుకున్నాను. నేను ఏడాదికి తిరిగేది ఆరు వేల కిలోమీటర్లు. మా కారు లీటరుకు పదిహేను ఇస్తుంది, అంటే 400 లీటర్లు. హైబ్రిడ్ మన రోడ్డులో 22 ఇస్తుందనుకుంటే సుమారు 273 లీటర్లు. మిగిలేది 127 లీటర్లు, రూపాయల్లో పదమూడు వేల చిల్లర. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది కనుక ఏడాదికి తగ్గేది మూడు క్వింటాళ్ల లోపు. కొత్త కారు ఊరికే పుట్టదు. ఇనుము కరిగించాలి, అల్యూమినియం తీయాలి, బ్యాటరీ చేయాలి. తక్కువలో తక్కువ అయిదు టన్నుల వాయువు దాని పుట్టుకకే ఖర్చు అనుకున్నా, ఆ బాకీ తీరడానికి నాకు పదిహేడేళ్లు పడుతుంది. నాకిప్పుడు అరవై ఎనిమిది. ఆ బాకీ తీర్చకుండానే నేను పోతాను.

అదే లెక్క మావాడికి వేశాను. ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు, బెంగుళూరు ట్రాఫిక్కులో మా కారు పదకొండు ఇస్తే హైబ్రిడ్ ఇరవై మూడు ఇస్తుందనుకున్నాను. ఏడాదికి 950 లీటర్లు మిగులుతాయి. ఆ అయిదు టన్నుల బాకీ రెండున్నరేళ్ల లోపే తీరిపోతుంది. కారు ఒకటే, బాకీ ఒకటే. ఒకరికి ధర్మమైంది ఇంకొకరికి ఆడంబరం అవుతుందని దీన్ని బట్టి నాకు తెలిసింది. ఏ కారు మంచిది అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఎవరికి, ఏ దారిలో, ఎన్ని మైళ్లకు అని అడిగితే ఉంది.

ఇప్పుడు నాకు వ్యతిరేకంగా నేనే వాదించుకోవాలి. బొగ్గుపులుసు వాయువు ఒకటే పొగ కాదు. మా కారు భారత్ స్టేజ్ మూడు కాలం నాటిది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా అమ్మే కొత్త బండ్లన్నీ భారత్ స్టేజ్ ఆరు. పెట్రోలు కూడా అప్పటి నుంచి శుభ్రపడింది కాబట్టి పాత బండికీ కొంత మేలు జరిగిన మాట నిజమే. అయినా బర్గూరు బస్టాండు దగ్గర నేను గేరు మార్చినప్పుడు వెనకాల నిలబడి ఉండే బడి పిల్లల ముక్కులోకి పోయేది కొత్త కారు పొగ కంటే చెడ్డదే. ప్రపంచం లెక్క నా వైపు ఉన్నా ఆ పిల్లల లెక్క నా వైపు లేదు.

ఇంకొకటి మా ఇంటామె అడిగింది. "అన్ని లెక్కలూ వేసినావే, దాంట్లో గాలి సంచి లేదే, దానికేం లెక్క?" అంది. నిజమే. డ్రైవరు ముందు గాలి సంచి తప్పనిసరి అయింది 2019 జులై నుంచి. మా బండిలో అది లేదు. మనవరాలిని ఎక్కించుకుని లారీల మధ్య రహదారి మీద పోయేటప్పుడు క్వింటాళ్ల లెక్క ఏం పనికొస్తుంది? ఈ ప్రశ్నకు నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను.

సరే, అమ్మేద్దామా అని బండిని మెకానిక్కు దగ్గరకు తీసుకుపోయాను. పెట్రోలులో ఇరవై పాళ్లు ఇథనాల్ కలిపి అమ్ముతున్న కాలం కదా, రబ్బరు గొట్టాలు కూడా ఒకసారి చూసినట్టుంటుందని. ఆయన గొట్టం ఒకటి మార్చి చేతులు తుడుచుకుంటూ, "అమ్మితే కొనేవాళ్లు ఉండారు అయ్యోరూ. మోపెడ్లో తిరిగేవాడు ఒకడు రేపే తీసుకుంటాడు. కానీ పొగ నిలిచిపోతుందనుకోవద్దు, అది వాడి వీధిలోకి పోతుంది, అంతే" అన్నాడు.

నేను ఇంటికి కొత్త కారు తెచ్చుకుంటే నా వాకిలి శుభ్రపడుతుంది. పాత కారు మాయం కాదు. మోపెడ్ తొక్కేవాడు కారెక్కుతాడు. రోడ్డు మీద నిన్న ఒక కారుంటే రేపు రెండుంటాయి. ఇంగ్లండులో జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే బొగ్గు గురించి ఇలాంటిది చెప్పాడు. యంత్రం తక్కువ బొగ్గుతో నడవడం నేర్చుకున్నకొద్దీ దేశం మొత్తం మీద బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుందని. లీటరుకు 28 వచ్చే కారు వాకిట్లో ఉంటే, బస్సులో పోయే పనికి కూడా నేను తాళం చెవి వెతుక్కోనని ప్రమాణం చేయగలనా?

బర్గూరు వాళ్లకు ఈ సంగతి వేరే ఎవరో చెప్పాల్సిన పని లేదు. మన చుట్టూ ఉన్న గుట్టల్ని చూడండి. గ్రానైటు కోసం కోసేసి, పలకలు పలకలుగా లారీలకెక్కించి ఓడలకు పంపుతున్నాం. ఎక్కడో ఒక దేశంలో ఒక ఇంటి నేల అద్దంలా మెరుస్తుంది. ఆ ఇంటివాళ్లకు ఇక్కడ గుట్ట ఉండేదని తెలియదు. దుమ్ము మనకు, మెరుపు వాళ్లకు. ఇప్పుడు బ్యాటరీల కోసం చిలీలో, ఆస్ట్రేలియాలో లిథియం తీస్తున్నారు, ఇండోనేషియాలో నికెల్, కాంగోలో కోబాల్టు తవ్వుతున్నారు. హైబ్రిడ్ బ్యాటరీ చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ ఈసారి మెరుపు మన వాకిట్లో, దుమ్ము వాళ్ల ఊళ్లో. గుట్ట పోగొట్టుకున్న ఊరివాడు ఇంకొకరి గుట్టను మరిచిపోతే అది మామూలు మరుపు కాదు.

అందుకని కొత్తది ఏదీ కొనకూడదని నేననను. అలా అనేవాడు ఎద్దుబండిలో పోవాలి. నేను చెప్పదలిచింది చిన్నది. శుభ్రమైన వస్తువు కొన్నంత మాత్రాన మనిషి శుభ్రపడడు. కొనడం ప్రాయశ్చిత్తం కాదు. వాడకం తగ్గించుకోవడం ఒకటే మన చేతిలో నిజంగా ఉన్న పని. అది ఎవరి కంటికీ కనపడదు, వాకిట్లో నిలబెట్టి చూపించడానికి వీల్లేదు. బహుశా అందుకే కష్టం.

అంతా నా ఒక్కడి చేతిలోనే ఉందనుకోవడం కూడా గర్వమే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి ఒక చిన్న రైలు నడిచేది. 1940లు వచ్చేసరికి దాన్ని మూసేసి పట్టాలు పీకేశారు. కృష్ణగిరి 2004లో జిల్లా కేంద్రమైంది గానీ ఆ ఊరికి ఇప్పటికీ రైలు లేదు. ఆ పట్టాలు ఉండుంటే ఈ వ్యాసంలో సగం అవసరముండేది కాదు. పెద్ద తప్పులు నలుగురూ కలిసి చేస్తారు, వాటి దిద్దుబాటు మాత్రం ఒక్కొక్కరి జేబుకు వదిలేస్తారు. మరి నా జేబుకు వచ్చిన వంతు నేను కాదనగలనా?

చివరికి ఇలా అనుకున్నాను. అయిదు వేలు కట్టి కారును ఇంకో అయిదేళ్లు ఉంచుకున్నాను, మూడు నియమాలతో. బెంగుళూరుకు, హోసూరుకు బస్సులోనే పోవాలి. మనవరాలిని ఈ కారులో రహదారి ఎక్కించకూడదు. పరీక్షలో తప్పిన రోజు ఎవరికీ అమ్మకూడదు, 2021లో వచ్చిన తుక్కు విధానం ప్రకారం తుక్కుకే ఇవ్వాలి. బజారు పనులకు ఒక కరెంటు స్కూటరు తీసుకున్నాను. అవి మన జిల్లాలోనే పోచంపల్లిలోనూ, హోసూరులోనూ తయారవుతున్నాయి. బస్టాండు దగ్గర పిల్లల వెనకా ముందూ ఇప్పుడు నేను పోయేది దాని మీదే. కరెంటు కూడా ఎక్కడో బొగ్గు కాల్చే వస్తుందని మావాడు గుర్తు చేశాడు. కొంత గాలిమరల నుంచి కూడా వస్తుందని నేను గుర్తు చేశాను.

వాడికి హైబ్రిడ్ కావాలంటే వాడి సంపాదనతో, వాడి ఊరికి కొనుక్కోమన్నాను. లెక్క వాడి వైపే ఉందని కాగితం కూడా చేతికిచ్చాను. తోపు అమ్మనన్నాను.

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "లెక్క సరిగానే ఉండాది నాయినా. కానీ ఒక మాట. నువ్వు లెక్క వేసి చెట్లు మిగుల్చుకున్నావా, చెట్లు మిగుల్చుకోవాలని లెక్క వేసినావా?" అన్నాడు.

నేను నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లని రాశాను. ఎనిమిది వేలని రాసి ఉంటే? కొత్త కారు ఇరవై రెండు ఇస్తుందన్నాను. ఇరవై ఆరు ఇస్తే? బాకీ పదేళ్ల లోపే తీరి ఉండేది. అప్పుడు ఏమని ఉండేవాణ్ణో నాకే తెలియదు. లెక్కలు అబద్ధం చెప్పవు, లెక్క వేసేవాడి చేయి మాత్రం తనకు ఇష్టమైన వైపు కాస్త వాలుతుంది. ముప్పై ఏళ్లు పిల్లల లెక్కలు దిద్దినవాణ్ణి, నా లెక్కను ఎవరితో దిద్దించుకోవాలో తెలియక ఇక్కడ మీ ముందు పెట్టాను. తప్పుంటే చెప్పండి.

ఈ ఏడు ఆ పన్నెండు చెట్లూ పూత బాగానే పట్టాయి.