గొర్రెల కాపరులకు చాటమని ఎవరూ చెప్పలేదు

డిసెంబరు సగానికొచ్చేసరికి కోస్తా పల్లెల్లో రాత్రిళ్లు కేరల్స్ మొదలవుతాయి. సంఘంలోని యవ్వనస్తులు ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడుకుని, దానికో కాగితపు నక్షత్రం కట్టి, కీబోర్డూ డప్పులూ ఎక్కించుకుని బయల్దేరతారు. ఎర్రకోటు క్రిస్మస్ తాత ముందు నడుస్తూ పిల్లలకి చాక్లెట్లు పంచుతాడు. విశ్వాసుల ఇంటి ముందు రెండు పాటలు, పాస్టరుగారి ప్రార్థన, కానుక కవరు, టీ, ఆపైన పక్కిల్లు. ఎదురింటి అరుగు మీద కూర్చుని తాళం వేస్తున్న, ఏ చర్చికీ వెళ్లని పెద్దాయన చేతిలో కూడా ఎవరో ఓ కరపత్రం పెడతారు. అసలు చిక్కు ఆ కాగితం దగ్గరే. సంతోషవార్త తెలిసినవాడు నోరు కట్టేసుకోలేడు. అలాగని అరుగు మీది మనిషికి అది తన గడప మీదికొచ్చిన దండులా అనిపించకూడదు.

లూకా సువార్త రెండో అధ్యాయం నిదానంగా చదివితే ఓ సంగతి తడుతుంది. దూత కాపరులకి శిశువును ఎలా గుర్తుపట్టాలో చెప్పాడే గానీ, వెళ్లి ఊరంతా చాటమని ఆజ్ఞాపించలేదు. వాళ్లంతట వాళ్లే వెళ్లారు, చూశారు, విన్నది చెప్పారు, తిరిగి వెళ్లిపోయారు. ఎందరు నమ్మారో లూకా లెక్క రాయలేదు. (ఈనాటి సువార్త కూటాల నివేదికల్లో మొదట కనపడేది ఆ లెక్కే!)

రాజ్యాంగంలోని 25వ అధికరణ మతప్రచారానికి హక్కు ఇచ్చింది. అందులో మరొకరిని మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు మింగుడుపడని క్రైస్తవులు ఉన్నారు. కాపరులకైతే దానితో పేచీ వచ్చేది కాదు.

తెలుగునాట ఈ వార్త ఎక్కువ దూరం నడిచింది దొరల ప్రసంగాల మీద కాదు, చుట్టరికాల మీద. తాళ్లకొండపాడు పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. 1866లో బాప్తిస్మం తీసుకున్నాక తనవాళ్లున్న పల్లెలన్నీ తిరిగి చెప్పుకుంటూ పోయాడు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అని ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ పెట్టిన నియమాలు ఆ పల్లెల్లో తేలికైనవి కావు. ఊళ్లో జాతరకి డప్పు కొట్టనన్నవాడికి కరణం, మునసబులతో తంటా తప్పేది కాదు.

అంతలో 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. పని ఆగిన వేళల్లో బోధకులు ఆ కూలీల మధ్య కూర్చుని యేసు సంగతి చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. కూలి ఇచ్చే చెయ్యీ నీళ్లలో ముంచే చెయ్యీ ఒకటే అయితే, వచ్చినవాడు ఎందుకు వచ్చాడో వాడికే తెలియకపోవచ్చు. కరువు సాయం ముగిశాకనే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. చరిత్రకారులు ఆ అంకె దగ్గర ఆగిపోతారు గానీ, అంతకుముందు నెలల తరబడి ‘కాదు’ అన్నదే ఆయన చేసిన గట్టి పని. అయినా అన్నం పెట్టిన చేతిని మనసు అంత తొందరగా మరిచిపోతుందా అన్న అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు.

మెదక్‌లో ఇదే ప్రశ్న రాతికట్టడమై నిలిచింది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు కరువులో మిషనరీ పాస్నెట్ దొర జనానికి పని చూపించి కట్టించిన ఆ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. క్రిస్మస్‌నాడు అక్కడికొచ్చే జనంలో హిందువులు, ముస్లిములు కూడా ఉంటారు. మొక్కు చెల్లించేవాళ్లు కొందరు, పిల్లలకి చూపించడానికి వచ్చేవాళ్లు కొందరు. యేసు జననాన్ని చిత్రించిన రంగుల అద్దాల కిటికీ పగటి వెలుతురులోనే కనిపిస్తుంది కాబట్టి పొద్దుండగానే లోపలికి తోసుకుంటారు. ఆ బొమ్మ ముందు ఆగి, ఆ బిడ్డ ఎవరని అడిగే పిల్లకి పక్కనున్న సంఘస్థురాలు జవాబు చెబుతుంది. ఆ పిల్ల ఇంకా అడిగితే ఇంకాస్త చెబుతుంది.