పాదం చేసే పని

స్కాట్లాండ్‌లో ఫోర్ట్ విలియం ఊరికి కొద్ది దూరంలో ఏనాక్ మోర్ అనే కొండ ఉంది. చలికాలంలో స్కీయింగ్‌కు వచ్చేవాళ్లను పైకి చేర్చే గొండోలాయే వేసవిలో డౌన్‌హిల్ సైకిళ్లను మోస్తుంది. పైనుంచి కిందికి దాదాపు 2.8 కిలోమీటర్ల దారి, సుమారు 550 మీటర్ల దిగుడు. మొదట చెట్టూ చేమా లేని రాళ్ల వాలు, ఆ తర్వాత వేళ్లూ బురదా కలిసిన అడవి, చివర పెద్ద పెద్ద జంపులు, వాటి మధ్య ప్రాణం పెట్టి తొక్కాల్సిన నేల. 2002 నుంచి ప్రపంచ కప్ పోటీలు ఎన్నోసార్లు జరిగిన దారి అది. ఈ కథ ఆ కొండ కింద జరిగిందనుకోండి.

అక్కడ ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. ఇద్దరికీ సైకిలే లోకం. అన్నది క్లిప్ పెడళ్ల బండి. బూటు అడుగున రెండు బోల్టులతో బిగించిన చిన్న ఇనుప క్లీట్ ఉంటుంది. పెడల్ మీద తొక్కితే అది స్ప్రింగులోకి టక్కున దిగి పట్టుకుంటుంది, మడమ బయటికి తిప్పితే వదిలేస్తుంది. తమ్ముడిది ఫ్లాట్ పెడళ్ల బండి. అరచేతికన్నా వెడల్పైన పలక, దాని చుట్టూ పైకి పొడుచుకొచ్చిన పిన్నులు, మెత్తటి రబ్బరు అడుగున్న బూటు. పట్టుకునేది ఏదీ లేదు, నిలబడటమే.

ఇంట్లో రోజూ ఇదే గొడవ. "రాళ్ల మీద నీ కాళ్లు ఎగిరిపోతాయిరా, నావి పోవు" అంటాడు అన్న. "తడి మలుపులో బండి జారితే నేను కాలు దించి ఆపుకుంటాను, నువ్వు బండితోపాటే పడతావు" అంటాడు తమ్ముడు. ఇద్దరూ చెప్పేది నిజమే. అందుకే ఆ గొడవ తెగలేదు. చివరికి గొండోలా దగ్గర సైకిల్ షాపు నడిపే మేనమామ దగ్గరికి వెళ్లారు.

"నువ్వు చెప్పు మావయ్యా, ఏది మంచిది?"

ఆయన చక్రం సరిచేస్తూ తలెత్తకుండానే అన్నాడు: "రేపు వాన ఉంది. ఇద్దరూ దిగి రండి. అప్పుడు మాట్లాడుకుందాం."

మర్నాడు తెల్లవారి నుంచీ వానే. ముందు తమ్ముడు బయలుదేరాడు. రాళ్ల వాలులో వేగం పెరిగేకొద్దీ వాడి ఒళ్లు బిగుసుకుపోయింది. బరువంతా చేతుల మీదికి వచ్చింది, మడమలు లేచాయి, బూటు ముందు భాగం మాత్రమే పెడల్‌ను అంటుకుని ఉంది. వెనక చక్రం ఒక రాయిని కొట్టగానే రెండు పాదాలూ గాల్లోకి లేచాయి. పెడల్ గిర్రున తిరిగొచ్చి పిన్నులు మోకాలి కింద ఎముక మీద గీసుకుపోయాయి. ఎలాగో బండి నిలబెట్టుకుని అడవిలోకి దిగాడు. అక్కడ ముందు చక్రం తడి వేరు మీద పక్కకు జారితే వాడు అన్నంత పనీ చేశాడు. లోపలి కాలు దించి నేలను తన్ని మళ్లీ దారిలో పడ్డాడు. నెత్తుటితో తడిసిన మేజోడుతో కిందికి చేరాడు.

తర్వాత అన్న. రాళ్ల మీద వాడి పాదాలు వేసిన చోటు నుంచి అంగుళం కదల్లేదు. అడవిలో దారికి అడ్డంగా ఒక దుంగ ఉంది. ఎప్పటిలాగే రెండు కాళ్లతో బండిని పైకి గుంజి దాన్ని దాటాడు. గుంజినప్పుడు ఎడమ పాదం కింద ఏదో కదిలినట్టనిపించింది కానీ ఆగలేదు. తమ్ముడికన్నా చాలా తొందరగా షాపు ముందుకొచ్చి బ్రేకు వేసి, ఎడమ మడమ తిప్పాడు. బూటు తిరిగింది, పెడల్ వదల్లేదు. ఇంకా గట్టిగా తిప్పాడు. బూటు ఇంకా తిరిగింది, పట్టు అలాగే ఉంది. ఆగి ఉన్న బండి మీంచి, పట్టుకోవడానికి ఏమీ లేక, ఎడమవైపు కంకర మీద నిలువునా పడ్డాడు.

మేనమామ వచ్చి లేసు విప్పి పాదాన్ని బయటికి లాగాడు. బూటు పెడల్‌కే వేలాడుతూ ఉండిపోయింది. దాన్ని రెంచీతో విడదీసి అడుగు తిప్పి చూపించాడు. క్లీట్‌ను పట్టి ఉంచాల్సిన రెండు బోల్టుల్లో ఒకటి ఊడిపోయింది. మిగిలిన ఒక్కదాని మీద క్లీట్ గుండ్రంగా తిరుగుతోంది. రెండు బోల్టులూ బిగువుగా ఉంటేనే మడమ తిప్పినప్పుడు క్లీట్ కూడా తిరిగి స్ప్రింగును తెరుస్తుంది. ఒక్కటే ఉంటే బూటు తిరుగుతుంది, క్లీట్ మాత్రం పెడల్‌లోనే ఇరుక్కుంటుంది.

"ఈ బోల్టులు ఎప్పుడు చూసుకున్నావురా పెద్దోడా?"

"బూట్లు కొన్నప్పుడు."

"ఆ దుంగ ఎలా దాటావు?"

"కాళ్లతో బండిని పైకి లాగాను మావయ్యా."

"నువ్వు దూకలేదు. దూకే పని ఈ రెండు బోల్టులకు అప్పజెప్పావు. రోజూ వాటినే గుంజావు." తర్వాత చిన్నోడి వైపు తిరిగాడు. "రాయి తగిలినప్పుడు నీ మడమలు ఎక్కడున్నాయి?"

చిన్నోడు కాసేపు ఆలోచించాడు. "పైకి లేచి ఉన్నాయి."

"పిన్నులు పట్టుకుంటాయని నమ్ముకున్నావు. బరువు పడితేనే కదా అవి పట్టుకునేది. ఆ బరువు వేయాల్సింది నువ్వు."

పెద్దోడి బండికి ఆయన ఆ రోజే ఫ్లాట్ పెడళ్లు బిగించాడు. ఆ దుంగను వాటితో దాటినప్పుడు క్లిప్పులు తిరిగిస్తానన్నాడు. మొదట్లో వాడు గుంజితే కాళ్లొక్కటే లేచేవి, బండి నేల మీదే ఉండేది. మేనమామ పక్కన నిలబడి నేర్పాడు. ముందు బరువు వెనక్కి వేసి ముందు చక్రం లేపాలి. ఆ వెంటనే నడుమును హ్యాండిల్ వైపు తోయాలి. అదే క్షణంలో కాలివేళ్లు కిందికి వంచి, పాదాలతో పెడళ్లను వెనక్కి నెట్టాలి. అప్పుడు పిన్నులు బూటు అడుగును కరుచుకుంటాయి, వెనక చక్రం తనంత తానే లేస్తుంది. వేసవి సగం గడిచాక గానీ వాడికది పట్టుబడలేదు. చిన్నోడికి ఇచ్చిన పని ఒక్కటే: మడమలు దించి, మోకాళ్లు వదులుగా ఉంచి, చేతుల మీద బరువు లేకుండా రాళ్ల వాలు దిగడం.

శరత్కాలం వచ్చేసరికి పెద్దోడు దుంగ దాటాడు. కొత్త క్లీట్లు, వదులు చేసిన స్ప్రింగులతో తన పెడళ్లు తీసుకున్నాడు. చివరి నేల మీద గట్టిగా తొక్కడం వాడికి ఇష్టం. చిన్నోడు ఫ్లాట్ మీదే ఉండిపోయాడు, కాళ్లకు గార్డులు మాత్రం వేసుకోవడం మొదలుపెట్టాడు. ఏది మంచిదని మళ్లీ ఎవరూ అడగలేదు.

నీతి: కాలిని పట్టి ఉంచడానికి పరికరం ఉండొచ్చు, కాలు చేయాల్సిన పని మాత్రం దానికి అప్పగించకూడదు.

ఈ నీతికి అదే కొండ మీద సాక్ష్యం ఉంది. 2007లో ఫోర్ట్ విలియంలో జరిగిన ప్రపంచ డౌన్‌హిల్ ఛాంపియన్‌షిప్‌లో ఆస్ట్రేలియా రైడర్ శామ్ హిల్ ఫ్లాట్ పెడళ్ల మీదే విజేత అయ్యాడు. 2006లోనూ 2010లోనూ ప్రపంచ విజేత ఆయనే. 2007లోనే స్విట్జర్లాండ్‌లోని షాంపెరీ ప్రపంచ కప్ పోటీలో, ముందు దిగినవాళ్లకు దొరికిన పొడి దారి వానకు బురదైపోయాక దిగి మూడో స్థానంలో నిలిచాడు. ఆ పరుగును నేటికీ ఈ ఆట మీద ప్రేమ ఉన్నవాళ్లు కథలుగా చెప్పుకుంటారు. 2017 నుంచి 2019 వరకు వరసగా మూడేళ్లు ఎండ్యూరో వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు కూడా ఆయన పాదాల కింద ఫ్లాట్ పెడళ్లే ఉన్నాయి, ఎక్కుళ్లు తొక్కాల్సిన పోటీలైనా సరే.

ఇక అదే ఫోర్ట్ విలియంలో పలుమార్లు ప్రపంచ కప్ గెలిచిన దక్షిణాఫ్రికా రైడర్ గ్రెగ్ మినార్ క్లిప్పుల మనిషి. పోటీల్లో పై స్థానాల్లో నిలిచేవాళ్లలో ఎక్కువ మంది అంతే. దానికి కారణం ఉంది. వేగంగా రాళ్ల మీద దిగుతుంటే ప్రతి దెబ్బకూ పాదం కొంచెం కొంచెం జరుగుతుంది. దాన్ని మళ్లీ సర్దుకోవడానికి పట్టే కొద్ది సమయం క్లిప్ ఉన్నవాడికి మిగులుతుంది. తొక్కే బలం కోసమే క్లిప్పులనుకుంటే అది సగం మాటే. 2015లో ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో అమెరికా రైడర్ ఆరన్ గ్విన్‌కు బయలుదేరగానే చైన్ తెగిపోయింది. తొక్కడానికి వీల్లేకుండానే కిందిదాకా దిగి ఆ ప్రపంచ కప్ పోటీ గెలిచాడు. నేలలోని ఎత్తుపల్లాలను కాళ్లతో నొక్కి వేగం పుట్టించుకోవడం, మలుపులో బరువు వేయడం, బ్రేకు ఎక్కడ వదలాలో తెలియడం, ఇవే ఆయన్ను గెలిపించాయి.

అందుకే ఈ ఆటలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది, మొదట ఫ్లాట్ మీద నేర్చుకోండని. తప్పు చేసిన మరుక్షణమే పాదం లేచి ఆ తప్పును చూపిస్తుంది. క్లిప్పుల్లో అదే తప్పు నెలల తరబడి కనబడకుండా ఉంటుంది. మడమ దించడం, బండిని కాళ్లతో లాగకుండా లేపడం వచ్చాక ఏది వేసుకున్నా పరవాలేదు. క్లిప్పులకు మారేవాళ్లు డౌన్‌హిల్ కోసం చేసిన, చుట్టూ వెడల్పాటి అంచున్న పెడల్ చూసుకోవాలి. మలుపులో కాలు బయటికి తీసి మళ్లీ క్లిప్ దొరక్కపోయినా పాదం ఆ అంచు మీద నిలుస్తుంది. క్లీట్‌ను బూటులో వీలైనంత వెనక్కి జరిపి బిగిస్తే పిక్కల మీద భారం తగ్గుతుంది, మడమ దించడమూ తేలికవుతుంది. స్ప్రింగు బిగువు మొదట బాగా వదులుగా పెట్టి, గడ్డి నేల మీద రెండు కాళ్లూ తీయడం అలవాటు చేసుకోవాలి. క్లీట్ బోల్టులకు కొంచెం గ్రీజు రాసి బిగించి, మొదటి దిగుడు అయ్యాక మళ్లీ ఒకసారి, ఆ తర్వాత కొండకు వెళ్లే ప్రతిరోజూ గొండోలా ఎక్కకముందే 4 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో రెండు బోల్టులూ చూసుకోవాలి.