నాన్నగారి నడకతో



బే ఏరియాలో ఉన్నవారికి ఫ్రీమాంట్‌లోని మిషన్ పీక్ తెలిసిన కొండే. తెలియనివారి కోసం రెండు మాటలు. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుండి ఎక్కితే శిఖరానికి సుమారు 3 మైళ్లు. ఎత్తు 2,517 అడుగులు, అందులో రెండు వేలకు పైగా మన కాళ్లతోనే ఎక్కాలి. దారిలో నీడ లేదు, తాగడానికి నీళ్లు దొరకవు. ఆవులు మాత్రం దారికి అడ్డంగా నిలబడి మేస్తుంటాయి. పైన ఒక స్తంభం ఉంది. దాని పక్కన ఫొటో కోసం శనివారాల్లో వరుసలో నిలబడాలి.

జూన్‌లో ఒక శనివారం నాన్నగారిని ఆ కొండకు తీసుకెళ్లాను. ఆయనకు 68 ఏళ్లు. ఊళ్లో రోజూ పొలం గట్ల మీద నడిచే మనిషి కదా అనుకున్నాను, మోకాలి సంగతి అడగలేదు. సగం దారి దాటాక ఒక రాయి మీద కూర్చుని, “నువ్వెళ్లి రా నాన్నా, నేనిక్కడ గాలికి కూర్చుంటా” అన్నారు. నేను వెళ్లాను. వరుసలో నిలబడ్డాను, ఫొటో తీయించుకున్నాను, అందరికీ పంపాను కూడా. గంటకు పైనే పట్టింది. దిగేటప్పుడు భుజం మీద బరువు తెలిసి గుండె జారింది. రెండు నీళ్ల సీసాలూ నా సంచిలోనే ఉన్నాయి.

రాయి దగ్గర ఆయన లేరు. ఆయన ఫోను ఇంట్లో వైఫై ఉంటేనే పనిచేస్తుంది. మీ అమ్మానాన్నల ఫోను కూడా అంతేనేమో, ఒకసారి చూసుకోండి. పేరు పెట్టి కేకలు వేయలేను, “నాన్నా” అని అరుస్తూ పరుగెత్తాను. మూడు మలుపుల కింద కనిపించారు. పక్కన చైనా దేశస్థురాలిలా ఉన్న ఒక పెద్దావిడ. ఆమె సీసాలో నీళ్లు తాగుతూ, ఆమె ఒలిచి ఇచ్చిన నారింజ తొనలు తింటున్నారు. ఆమెకు తెలుగు రాదు, ఈయనకు ఆమె భాష రాదు. నన్ను చూసి నాన్నగారు అడిగింది ఒక్కటే: “ఫొటో బాగా వచ్చిందా?”

ఆ రాత్రి ఆదికాండము 33వ అధ్యాయం తెరిచాను. ఏశావు నాలుగు వందల మందితో వచ్చి, తమ్ముడిని కౌగిలించుకుని, ఇక కలిసి పోదాం అంటాడు. యాకోబు ఒప్పుకోడు. పిల్లలు పసివాళ్లు, మందలో పాలిచ్చే పశువులు ఉన్నాయి, ఒక్కరోజు వడిగా తోలినా చచ్చిపోతాయి, నీవు ముందు వెళ్లు, నేను వీటి నడకను బట్టి మెల్లగా వస్తాను అంటాడు. నిజమే, ఆ తర్వాత అతడు శేయీరుకు వెళ్లలేదు, సుక్కోతుకు వెళ్లాడు. అన్న నుండి తప్పించుకోవడానికి చెప్పిన సాకు అని మీరు అనవచ్చు. నాకూ ఆ అనుమానం ఉంది. కానీ సాకు కోసమైనా అతని నోట వచ్చిన మాట చూడండి. మంద ఎంత వేగంగా నడవగలదో ఈ కాపరికి తెలుసు.

ఇదే యాకోబు జీవితమంతా పరుగే. అన్నకు భయపడి హారానుకు పరుగు, మామకు చెప్పకుండా అక్కడి నుండి పరుగు. మెల్లగా వస్తానన్న ఈ మాటకు ముందు అధ్యాయంలో ఏం జరిగింది? యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పెనుగులాట, తొడగూటి మీద దెబ్బ. తెల్లవారేసరికి కుంటుతున్నాడు. తాను కుంటాక అతనికి గొర్రెపిల్లల కాళ్లు కనిపించాయని నేను అనుకుంటున్నాను.

నేను చేసే పని సాఫ్ట్‌వేర్. నెమ్మదిగా ఉన్న భాగం ఎక్కడుందో వెతికి, మార్చడమో తీసేయడమో మా పని. మంచి పనే, జీతం దానికే ఇస్తారు. ఆ కళ్లు ఇంటికీ, సంఘానికీ తెచ్చుకున్నానని మాత్రం ఆలస్యంగా తెలిసింది. మన కూడికల్లో సాక్ష్యాల సమయం వస్తే “రెండు నిమిషాల్లో ముగించండమ్మా” అంటాం. ఆరు నెలల వీసా మీద వచ్చిన ఆ తల్లికి కళ్లజోడు సర్దుకుని, ప్రభువుకు స్తోత్రం చెప్పేసరికే రెండు నిమిషాలు అయిపోతాయి. ఆమె సోమవారం నుండి శుక్రవారం వరకు మాట్లాడే మనిషి లేక, అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గర కూర్చుని ఆదివారం కోసం ఎదురుచూసింది. సమయం చూసుకునేవాళ్లలో నేనూ ఒకడిని.

వాళ్లు “నువ్వెళ్లు నాన్నా” అంటారు. అనకుండా ఉండలేరు. చిన్నప్పుడు చెరువు కట్ట మీద నడిచి పక్క ఊరి చర్చికి వెళ్లేవాళ్లం. నాన్నగారివి పెద్ద అంగలు, కానీ నేను ఎప్పుడూ వెనకబడిన జ్ఞాపకం లేదు. “నువ్వెళ్లండి, నేనిక్కడ కూర్చుంటా” అని నేనంటే ఆయన వెళ్లేవారా?

లూకా 24వ అధ్యాయంలో పునరుత్థానుడైన ప్రభువును చూడండి. సమాధిని గెలిచిన రోజు అది. ఆ సాయంకాలం ఆయన చేసిన పని, నిరాశతో ఎమ్మాయుకు పోతున్న ఇద్దరితో నడవడం. దాదాపు ఏడు మైళ్ల దారి. వాళ్లు అర్థం చేసుకోవడంలో మందమతులని ఆయనే అన్నాడు, అయినా వాళ్లను దాటి ముందుకు పోలేదు. ఇంకా దూరం వెళ్లబోతున్నట్టు కనబడి, వాళ్లు బలవంతం చేస్తే ఆగి, లోపలికి వెళ్లి, భోజనానికి కూర్చున్నాడు. వెళ్లండి అని వాళ్లు అనలేదు, ఉండమన్నారు. ఆ మాట అడగడానికి మా నాన్నగారి తరానికి మొహమాటం. కాబట్టి అడగకముందే ఆగవలసింది మనమే.

జూలైలో మళ్లీ వెళ్లాం. ఈసారి చీకటితోనే లేచి, ఎండ రాకముందే మొదలుపెట్టాం. ప్రతి మలుపు దగ్గరా కూర్చున్నాం. నేను రెండు గంటల్లోపు ఎక్కే దారికి నాలుగు గంటలు పట్టింది. పసిపిల్లలతో వచ్చినవాళ్లు కూడా మమ్మల్ని దాటి వెళ్లారు. మా ఊళ్లో ఎవరి పొలం ఎవరు అమ్మారో, అమ్మ చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఏం మాట్లాడిందో ఆ దారిలోనే మొదటిసారి విన్నాను. అమ్మ పోయి మూడేళ్లయింది. అంతకాలం ఫోనులో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పైన వరుస చాలా పొడుగ్గా ఉంది. ఫొటో వద్దన్నారు. మన ఇల్లు ఎటువైపు అని అడిగితే చూపించాను.

నాన్నగారి తిరుగు ప్రయాణం అక్టోబరులో. ఆయన మోకాలి కోసం ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. ఈ శనివారం మళ్లీ కొండకు బయలుదేరుతున్నాం. నీళ్ల సీసాలు రెండూ తన సంచిలోనే పెట్టుకుంటారట, నన్ను నమ్మరట.