ఫలితం దక్కకపోతే శ్రమ వృథాయేనా?

శ్రమపడితే ఫలితం దక్కుతుందని పిల్లలకు చెబుతాం. మంచిమాటే. కాని ఒళ్లువంచి శ్రమపడ్డా ఫలితం దక్కని రోజున వారికి ఏం చెప్పాలి? ఇటలీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఫ్రాంకో బరేసి జీవితం ఈ ప్రశ్నను మన ముందుంచుతుంది.

1960లో పుట్టిన బరేసి చిన్న వయసులోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. ఇంటర్ మిలాన్ క్లబ్బు అతని అన్నను తీసుకుంది గాని, ఇతణ్ణి మరీ బక్కపలచగా ఉన్నాడని తిప్పిపంపింది. అదే నగరంలోని ఏసీ మిలాన్ చేరదీసింది. అక్కడివారు తమ యాసలో ‘బుడ్డోడు’ అని అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. ఎదిగాక అతని ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. మన ఊళ్లలో అది తక్కువేమీ కాదు. కాని గోలు ముందు కాపుకాసే డిఫెండరు ఆరడుగులు దాటినవారితో ఎగిరి పోటీపడాలి.

ఆ లోటును బరేసి సాధనతో పూడ్చుకున్నాడు. బంతి ఎక్కడికి రాబోతోందో ముందే గ్రహించి అక్కడ నిలబడేవాడు. 1987లో కోచ్‌గా వచ్చిన అర్రిగో సాక్కి, బంతి లేకుండానే జట్టు చేత కదలికలు సాధన చేయించేవాడు. నలుగురు డిఫెండర్లు ఒకే వరుసగా ముందుకు జరిగి ఎదుటివారిని ఆఫ్‌సైడ్‌లో చిక్కించాలి. ఒక్క అడుగు ఆలస్యమైతే గోలే. ఆ వరుసను నడిపినవాడు బరేసి. 1989, 1990లలో మిలాన్ యూరోపియన్ కప్పు గెలిచింది. అంతకుముందు ఆ జట్టు రెండుసార్లు రెండో శ్రేణికి దిగజారినప్పుడు కూడా అతడు విడిచిపోలేదు.

1994 ప్రపంచకప్పులో జూన్ 23న నార్వేతో ఆడుతూ మోకాలు దెబ్బతింది. శస్త్రచికిత్స జరిగింది. 24 రోజుల తరువాత, 34 ఏళ్ల వయసులో, పాసడెనా మండుటెండలో ఫైనల్‌కు దిగాడు. 120 నిమిషాలు రొమారియో, బెబెటోలున్న బ్రెజిల్‌కు ఒక్క గోలు కూడా దక్కలేదు. తరువాత పెనాల్టీలు. ఇటలీ తరఫున మొదట తన్నినవాడు బరేసి. బంతి గోలు పైనుంచి పోయింది. ఇటలీ 3-2తో ఓడింది. అతడు వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ 120 నిమిషాల విలువను ఆ ఒక్క తన్ను చెరిపివేసిందా?

దావీదును అభిషేకించడానికి వెళ్లిన సమూవేలు ప్రవక్త మొదట పెద్దకొడుకు ఎత్తు, రూపం చూసి మోసపోయాడు. దేవుడు హృదయాన్ని చూస్తాడని ఆనాడు తెలుసుకున్నాడు. ఈ వృత్తాంతం మనకు ఇష్టమే, ఎందుకంటే దావీదు గెలిచాడు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఎత్తును కొలిచే టేపు పక్కన పడేసి, గెలుపును కొలిచే టేపు చేతబట్టాం. రెండూ పైపై కొలతలే.

అలాగని ఫలితం మన చేతిలో లేదు కదా అని చేతులు ముడుచుకోవడం విశ్వాసం కాదు, సోమరితనం. మోకాలి నొప్పితోనే తిరిగి సాధనకు దిగినవాడికే ‘నా వంతు చేశాను’ అనే హక్కు ఉంటుంది. మన వంతు పూర్తిగా చేయాలి. మిగిలినది దేవుని చేతిలో పెట్టాలి.

ఈసారి పరీక్ష తప్పిన బిడ్డ తలవంచుకుని గడపలో నిలబడితే, మార్కులు అడగడానికి ముందు వాడు దీపం కింద కూర్చున్న రాత్రులను గుర్తుచేసుకుందాం. మనం కూడా నిద్రకు ముందు చేసే ఆత్మపరిశోధనలో ‘ఈరోజు గెలిచానా?’ అని కాక, ‘నాకు అప్పగించినదాన్ని నమ్మకంగా కాపాడానా?’ అని ప్రశ్నించుకుందాం.