నోరు లేని మాట

కామిక్ పేజీలో బెలూన్‌కి తోక ఉంటుంది. ఆ తోక ఎవరి నోటి వైపు చూస్తే మాట వాళ్లది. దాన్ని పెదాల దాకా లాగక్కర్లేదు. బెలూన్‌కీ తలకీ మధ్య సగం దూరం దాటి ఆగినా చాలు, మిగతా దారి చదివేవాళ్ల కన్ను చూసుకుంటుంది. లెటరింగ్‌లో మొట్టమొదట నేర్చుకునే సంగతి ఇది. షార్జాలో ఫ్రీలాన్స్ పర్మిట్ మీద నేను చేసే పనీ ఇదే. రచయిత స్క్రిప్టు రాస్తారు, ఆర్టిస్టు బొమ్మలు వేస్తారు, ఇంకొకరు రంగులు నింపుతారు. అందరి చేతులూ దాటాక పేజీ నా దగ్గరికి మూగగా వస్తుంది. దానికి నేను మాటలు పేర్చి పంపిస్తాను. కామిక్స్ పని లేని రోజుల్లో రెస్టారెంట్ మెనూలు, క్లినిక్ బ్రోషర్లు, లోగోలు.

గుసగుసకి తెగిన గీత, అరుపుకి ముళ్ల అంచు, మనసులో మాటకి మబ్బు. మనుషుల మాటలన్నిటికీ ఒక పద్ధతి ఏర్పడి ఉంది. దేవుడి మాటకి ఏం చెయ్యాలన్నది మాత్రం ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే. ఆ ప్రశ్న ఈ ఏడాది రెండు మతాల నుంచి ఒకేసారి నా బల్ల మీదికి వచ్చింది.

మొదటిది గల్ఫ్‌లో పెరిగే మన పిల్లల కోసం ఇంగ్లీషులో వేస్తున్న కృష్ణుడి కథ. భాగవతం దశమ స్కంధం మొదట్లో, చెల్లెలు దేవకిని అత్తవారింట దిగబెట్టడానికి కంసుడు తనే పగ్గాలు పట్టి రథం తోలుతుంటాడు. ఈమె ఎనిమిదో బిడ్డ చేతిలో నీకు చావుందని ఆకాశం నుంచి ఒక మాట వినిపిస్తుంది. చిన్నప్పుడు ఈ కథ విన్న ప్రతిసారీ, అశరీరవాణి అన్న మాట దగ్గరికి రాగానే నేను తలెత్తి పైకి చూసేదాన్ని. ఇప్పుడు నా ముందున్న బొమ్మలో రథం ఉంది, బెదిరిన గుర్రాలు ఉన్నాయి, వెనక్కి తిరిగిన కంసుడి మొహం ఉంది, పైన ఖాళీ ఆకాశం ఉంది. తోక ఎటు తిప్పను?

రెండోది అరబ్బీ పిల్లల పుస్తకం, మూసా ప్రవక్త కథ. అందులో ప్రవక్త రూపం ఎక్కడా గీయలేదు. రాత్రి, లోయ, మంట, చెట్టు. అంతే. ఖురాన్‌లోని ఖసస్ అధ్యాయం ప్రకారం ఆ పిలుపు లోయ కుడివైపున చెట్టు నుంచి వచ్చింది. ఆ వాక్యాన్ని బెలూన్‌లో పెట్టకూడదని, అక్షరం మార్చకుండా విడిగా ఉంచాలని ఎడిటర్ ముందే చెప్పారు. సరే, విడిగానే ఉంచుతాను. కానీ పేజీలో ఎక్కడ? చెట్టు పక్కనా, ఆకాశంలోనా? చెట్టుకి దగ్గరగా పెడితే చెట్టు మాట్లాడినట్టు ఉంటుంది. పైన పెడితే కథలో ఉన్న చోటు పోతుంది.

అదే మాట ఎడిటర్‌ని అడిగితే, దీని కోసం ఒకప్పుడు మనుషులు కొరడా దెబ్బలు తిన్నారని చెప్పి ఆయన చాలాసేపు మాట్లాడారు. తర్వాత నేను వెతుక్కుని చదివాను. 833లో బాగ్దాద్ ఖలీఫా అల్ మామూన్ పండితులనీ న్యాయాధికారులనీ పిలిపించి, దేవుడి మాట అయిన ఖురాన్ కూడా సృష్టి అయినదేనని ఒప్పుకొమ్మన్నాడు. అహ్మద్ ఇబ్న్ హంబల్ ఒప్పుకోలేదు. చెరసాలకి వెళ్లాడు, తర్వాతి ఖలీఫా కాలంలో దెబ్బలు తిన్నాడు, అయినా దేవుడి మాట సృష్టి కాదనే అన్నాడు. ఖలీఫా పక్షాన ఉన్న ముతజిలీలు దేవుడికి మనిషి లక్షణాలు అంటగట్టకూడదని పట్టుబట్టినవాళ్లు. వాళ్ల లెక్కలో, మూసాకి వినిపించిన మాటని దేవుడు ఆ చెట్టులో సృష్టించాడు. తర్వాత వచ్చిన అష్అరీలు మధ్యదారి పట్టారు. దేవుడి మాట అనాది, దానికి ధ్వనీ లేదు, అక్షరమూ లేదు. మనం చదివే అక్షరాలు, పలికే ధ్వనులు దాన్ని తెలియజేసేవి మాత్రమే.

చదువుతుంటే నాకు మన మీమాంసకులు గుర్తొచ్చారు. వేదం అపౌరుషేయం అన్నది వాళ్ల సిద్ధాంతం. దాన్ని మనిషి చెప్పలేదు, ఈశ్వరుడూ చెప్పలేదు. వర్ణాలు నిత్యాలు, మన గొంతు వాటిని బయటపెడుతుందే గాని పుట్టించదు. న్యాయదర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, దీనికి ఎంతమాత్రం ఒప్పుకోలేదు. మాట ఉందంటే చెప్పినవాడు ఉండాలి, చెప్పినవాడు నమ్మదగినవాడైతేనే అది ప్రమాణం అన్నారు. 10వ శతాబ్దంలో వాళ్లలో ఒకడైన ఉదయనుడు వేదాన్నే ఈశ్వరుడు ఉన్నాడనడానికి ఒక సాక్ష్యంగా నిలబెట్టాడు. నా వృత్తి భాషలో చెప్పాలంటే, మీమాంసకులు తోక తీసేశారు, నైయాయికులు దాన్ని ఈశ్వరుడి వైపు తిప్పారు, ముతజిలీలు చెట్టు వైపు తిప్పారు. పెద్దవాళ్ల వాదాలని ఇలా కుదించడం సాహసమే. అయినా ఇన్ని వందల ఏళ్ల తర్వాత, ఎక్కడో షార్జాలో ఒక పేజీ ముందు కూర్చున్న నేనూ అదే తేల్చుకోవలసి వచ్చింది. మాటకి నోరు తప్పనిసరా?

అక్కర్లేదనే నా నమ్మకం. కానీ చెయ్యి లేకుండా మాత్రం ఏ మాటా మన దాకా రాలేదు. శాస్త్రాలు నోటి గురించి అంత వాదించి చేతిని ఎందుకో కొంచెం వదిలేశాయనిపిస్తుంది.

భాగవతాన్ని తనతో పలికించేది రాముడేనని బమ్మెర పోతన చెప్పుకున్నాడు. దాని పక్కనే జనం ఇంకో కథ అల్లుకున్నారు. గజేంద్రమోక్షంలో వైకుంఠాన్ని వర్ణించే పద్యం సాగక పోతన బయటికి వెళ్తే, రాముడు పోతన రూపంలో ఇంటికొచ్చి పద్యం పూర్తి చేసి వెళ్లాడట. ఇందులో నన్ను పట్టుకునేది ఒక్కటే. పద్యం పూర్తవడానికి దేవుడు పోతన చెవిలో చెప్పి ఊరుకోలేదు. వచ్చి కూర్చుని, ఘంటం పట్టి, ఆకు మీద రాశాడు. మా అమ్మమ్మ రామకోటి రాసేది. నరసాపురంలో అరుగు మీద కూర్చుని గంటల తరబడి రాసేది, పెదవి కదిపేది కాదు. నిండిన పుస్తకాలు భద్రాచలం వెళ్లేవాళ్ల చేత పంపించేది. ఆమె జపం నోటితో కాదు, వేళ్లతో జరిగింది. చూపుడువేలి మీద కాయ కట్టిపోయింది.

ఇక్కడికొచ్చాక ఆ చేతిని ఇంకో మతంలో చూశాను. అబూదాబి షేక్ జాయెద్ మసీదులో మక్కా దిక్కున ఉండే ఖిబ్లా గోడ 23 మీటర్ల ఎత్తు, 50 మీటర్ల వెడల్పు. దాని మీద అల్లా 99 నామాలు కూఫీ లిపిలో ఉన్నాయి. ఆ అక్షరాలు ఈ దేశపు లిపికారుడు మహమ్మద్ మండీ అల్ తమీమీ రూపకల్పన. బొమ్మ లేని చోట బొమ్మ చేసే పనంతా అక్షరం చేస్తోంది. మదీనాలోని కింగ్ ఫహద్ ముద్రణాలయం అచ్చువేసే ఖురాన్‌ది సిరియా నుంచి వచ్చిన ఉస్మాన్ తాహా చేతిరాత. లోకమంతటా కోట్లమంది ప్రతిరోజూ ఆయన దస్తూరీ చదువుతున్నారు, చాలామందికి ఆయన పేరు తెలియదు. ఆ మాట తనదని ఆయన ఒక్క క్షణం కూడా అనుకుని ఉండడు. అలాగని ఆ అలిఫ్ అక్షరం నిటారుదనం ఆయనది కాకుండా పోతుందా?

మాట నాది కాదు అనడం వినయం. చెయ్యి కూడా నాది కాదు అంటే అది తప్పించుకోవడం. ఈ తేడా నాకు ఒక పోస్టర్ నేర్పింది. శ్రీరామనవమికి మన వైపు నుంచి ఒకరు డిజైన్ అడిగారు. రాముడి బొమ్మ, పక్కన బెలూన్, అందులో వేరే మతం వాళ్లని బెదిరించే వాక్యం. ఆ వాక్యం ఏ రామాయణంలోనూ లేదు, వాళ్లలో ఎవరో ఫోన్‌లో టైపు చేసింది. తోక రాముడి నోటి వైపు తిప్పమన్నారు. ఇది మీ మాట, కావాలంటే మీ పేరు పెట్టుకుని వేసుకోండి అని చెప్పి పని వదులుకున్నాను. తోక గీయడమంటే సాక్ష్యం చెప్పడమే. ఈ భయం ముస్లిం పండితులకి ఎంత ఉండేదో హదీసులు చూస్తే తెలుస్తుంది. ప్రవక్త అన్నట్టు ఒక మాట చెప్పాలంటే, ఎవరి దగ్గర విన్నావు, ఆయన ఎవరి దగ్గర విన్నాడు అని పేర్లన్నీ వరసగా చెప్పాలి. గొలుసులో ఒక్కడు నమ్మదగనివాడైతే మాట నిలవదు. వాట్సాప్‌లో దేవుళ్ల ఫొటోల కింద తోచింది రాసి పంపించే మనకి ఆ గొలుసు చాలా అవసరం.

ఇంకో చిక్కు నాకు ప్రూఫుల దగ్గర ఎదురైంది. సిరా సిరాయే, కాగితం కాగితమే అనుకుంటే తప్పులున్న ప్రింట్లని చెత్తబుట్టలో వెయ్యొచ్చు. నా వల్ల కాలేదు. మా ఇంట్లో పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. ఇక్కడా దేవుడి పేరున్న కాగితం తొక్కుడులోకి పోకూడదని జాగ్రత్తపడతారు, పాతబడిన ఖురాన్ ప్రతిని శుభ్రమైన చోట పాతిపెట్టేవాళ్లున్నారు. మూసా పుస్తకం ప్రూఫులన్నీ ఎడిటర్‌కి తిరిగి ఇచ్చేశాను. కృష్ణుడివి ఒక సంచిలో ఉన్నాయి, ఈసారి వెళ్లినప్పుడు గోదావరిలో కలుపుతాను. స్క్రీన్ మీద చెరిపేసిన అక్షరాల సంగతి మాత్రం నాకు ఇంకా తెగలేదు. అక్కడ కాగితం లేదు, సిరా లేదు. అయినా దేవుడి నామం మీద డిలీట్ నొక్కాలంటే వేలు ఒక్క క్షణం ఆగుతుంది. అష్అరీల మాట ప్రకారం ఆగక్కర్లేదు. అమ్మమ్మ ప్రకారం ఆగాలి. నేను అమ్మమ్మ పక్షం.

చివరికి మూసా పేజీలో ఆ వాక్యాన్ని చెట్టుకీ ఆకాశానికీ అంటకుండా, మంట వెలుగు పడే అంచు దగ్గర పెట్టాను. చుట్టూ గీత లేదు. అరబ్బీ అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఇంగ్లీషులోలా విడదీసి పరిచే వీలూ లేదు. ఎడిటర్ చూసి, ఒక స్వరచిహ్నం సరిచేయించి, ఒప్పుకున్నారు. కంసుడి పేజీలో బెలూన్ అంచు తీసేసి, ఆ వాక్యాన్ని ఆకాశం రంగులోనే రెండు ఛాయలు చిక్కగా, ఫ్రేము నిండా పరిచాను. తోక పెట్టలేదు.

ఇప్పుడు ఆ కృష్ణుడి పుస్తకానికి తెలుగు కూర్పు వేస్తున్నారు. ఇంగ్లీషులో పెద్ద బడి అక్షరాలు సాయం చేశాయి. తెలుగుకి ఆ వీలు లేదు. పైన గుడులు, కింద వత్తులు, వరసకీ వరసకీ మధ్య ఎడం పెంచితే ఆకాశం చాలదు, తగ్గిస్తే వత్తు వెళ్లి కింది వరస తలకట్టుని గుద్దుకుంటుంది. నా దగ్గరున్న యూనికోడ్ ఫాంట్లన్నీ వేసి చూశాను. కంసుడు పగ్గాలు వదిలేసేంత బరువు ఒక్కదానిలోనూ రాలేదు. ఆ ఒక్క వాక్యం ఫాంట్‌లో పెట్టనని, బ్రష్‌తో నా చేత్తో రాసి స్కాన్ చేసి ఇస్తానని పబ్లిషర్‌కి చెప్పాను. నాలుగు రోజులు గడువు ఇచ్చారు.