మూడు దినములు నిద్రించు చట్టము

ధ్యానభాగము: రోమా 13:1–4, ప్రసంగి 8:11



అధికారము దేవుడు అప్పగించిన పని యనియు, కీడు చేయువాడు దానికి భయపడవలెననియు, అందుకే అధికారి నడుమున ఖడ్గమున్నదనియు పౌలు రోమా సంఘమునకు బోధించెను. మన సీమలో సంక్రాంతి మూడు దినములును ఆ ఖడ్గము ఒరలోనే యుండును. కోడికాలి కత్తి మాత్రము పని చేయుచుండును.

చట్టము లేక కాదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టమును, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టమును కోడిపందెములను నిషేధించుచున్నవి. 2016 డిసెంబరులో హైదరాబాదు ఉన్నత న్యాయస్థానము వాటిని ఆపవలెనని అధికారులకు ఆజ్ఞాపించెను. అయినను ఏలూరు మొదలు కైకలూరు వరకు, తాడేపల్లిగూడెము మొదలు భీమవరము వరకు ఏటేట బరులు లేచుచునే యున్నవి.

లోపమెక్కడ? మొదటిది, శిక్ష స్వల్పము. 1960 చట్టము మొదటి తప్పునకు విధించిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయల వరకే. లక్షలు పందెము కాయువానికి అది లెక్కయా? రెండవది, పండుగకు ముందు కత్తులు పట్టుకొందురు, బైండోవరు వ్రాయింతురు. భోగినాడు గుడారములు లేచునప్పుడు కన్నులు మూసికొందురు. మూడవది, చెట్టుక్రింద పేకాడు కూలివానిని ఠాణాకు ఈడ్చుదురు. ప్రజాప్రతినిధి వచ్చి బరి ప్రారంభించినచో దూరముగా నిలుతురు.

శిక్ష ఆలస్యమైనచోట మనుష్యుని హృదయము కీడునకు ధైర్యము తెచ్చుకొనునని ప్రసంగి చెప్పెను. మూడు దినములు చట్టము నిద్రించినచో తక్కిన దినములలో దానికి ఎవడు భయపడును? చట్టము బీదవానికే యని పిల్లవాడు బరిప్రక్కనే నేర్చుకొనును. 2023 సంక్రాంతికి గోదావరి జిల్లాలలో కోడికత్తి తగిలి ఇద్దరు మనుష్యులు ప్రాణము విడిచిరి. చేపల చెరువుపై కాపలా కాచి తెచ్చిన కూలి గుండాట బల్లమీద ఒక్క గడియలో పోవును. ఇంటిలో పుస్తెలు తాకట్టునకు పోవును. ఆ అప్పే తరువాత తగవు, దొంగతనము అగును.

ఇది ఆచారమందురు. కొత్తబియ్యము, బంధువుల రాక, ముంగిట ముగ్గు ఆచారమే. వాటిని ఎవరును తప్పుపట్టరు. పొరుగువాని ఇల్లు కూల్చునది ఆచారమని పిలిచినంత మాత్రమున మేలు కానేరదు.

సిలువక్రింద రోమా సైనికులు ప్రభువు వస్త్రమునకై చీట్లు వేసిరి. కావలి కాయ నిలిచినవారే జూదమాడగా, తలపైన నిర్దోషి రక్తము కారుచుండెను. వారు తలయెత్తి చూడలేదు. బరి యొద్ద నిలిచిన ప్రతివాడును, అధికారియైనను విశ్వాసియైనను, ఈ చిత్రమును తలంచుకొనవలెను.

కాబట్టి సహోదరులారా, కౌలు ఎంత ఇచ్చినను మీ పొలమును బరికి ఇయ్యకుడి. సంఘపెద్దలు భోగికి ముందే తహసీల్దారునకును, ఠాణాకును వ్రాతమూలముగా మనవి చేయుడి, నకలు దాచుడి. అధికారుల కొరకు ప్రార్థించుడి. ప్రార్థించిన నోటితోనే వారి విధిని వారికి వినయముగా జ్ఞాపకము చేయుడి.